రోడ్డు ముందా, ఇల్లు ముందా?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఊళ్ల పెరుగుదల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. (నవ్వులు) కుర్చీలు చాలని వాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ జాగా ఉంది.

నగరాల సమస్యలు అనగానే మనకి గుర్తొచ్చే పేర్లు లాగోస్, ఢాకా, ముంబయి, సావోపాలో. కోటి దాటిన ఊళ్లు. వార్తల్లో ఎప్పుడూ అవే కనిపిస్తాయి కాబట్టి పట్టణీకరణ అంటే అదేననుకుంటాం. ఐక్యరాజ్యసమితి 2018లో ఇచ్చిన లెక్క చూడండి. అప్పటికి ప్రపంచంలో పట్టణాల్లో ఉండేవాళ్లు సుమారు 420 కోట్లు. వాళ్లలో కోటి దాటిన మహానగరాల్లో ఉన్నది ఎనిమిది మందిలో ఒకరే. దాదాపు సగం మంది 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో ఉన్నారు. 2050 నాటికి పట్టణాల్లోకి ఇంకో 250 కోట్ల మంది చేరతారని అంచనా. వాళ్లలో 90 శాతం ఆసియా, ఆఫ్రికాల్లోనే.

ఈ జనమంతా రాజధానులకే పోరు. ఘనాలో కుమాసి, టాంజానియాలో మ్వాంజా, ఇథియోపియాలో హవాసా, కొలంబియాలో మోంటెరియా లాంటి ఊళ్లకి పోతారు. వాటిలో చాలావాటి పేర్లు మనం విని కూడా ఉండం. రాజధాని కాదు కాబట్టి ప్రభుత్వం కన్ను వాటి మీద ఉండదు. పల్లె కాదు కాబట్టి పల్లె పథకాలూ రావు. ఈ రోజు నేను మాట్లాడేది వీటి గురించే.

ముందు వేగం సంగతి. ఏడాదికి 4 శాతం పెరిగే ఊరు 18 ఏళ్లలో రెట్టింపవుతుంది. 5 శాతమైతే 14 ఏళ్లు చాలు. వినడానికి చాలా టైమున్నట్టు అనిపిస్తుంది. కానీ ఊరు ఎటు, ఎలా పెరగాలో గీసే మాస్టర్ ప్లాన్ తయారుచేయడానికి నాలుగైదేళ్లు, ఆమోదానికి ఇంకో రెండేళ్లు, కోర్టు కేసు పడితే మరికొంత. ప్లాన్ చేతికొచ్చేసరికి అందులో పార్కు అని పచ్చరంగు వేసిన చోట మూడంతస్తుల ఇళ్లుంటాయి.

ఇక్కడ ఇంకో సంగతి. జనాభా రెట్టింపయితే ఊరి విస్తీర్ణం రెట్టింపుతో ఆగదు. ప్రపంచవ్యాప్తంగా 200 నగరాలను నమూనాగా తీసుకుని, ఉపగ్రహ చిత్రాలతో 1990 నుంచి 2015 దాకా కొలిచిన అట్లాస్ ఒకటుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఆ పాతికేళ్లలో నగర జనాభా రెట్టింపయింది, నగరాలు ఆక్రమించిన నేల మూడు రెట్లకు పైగా పెరిగింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. చేతిలో నాలుగు డబ్బులాడితే ఇంకో గది కావాలనిపిస్తుంది. ఉమ్మడి కుటుంబం రెండుగా, మూడుగా విడిపోతుంది. మోటారు సైకిలు వస్తుంది, దాంతో ఎనిమిది కిలోమీటర్ల దూరం దూరంలా అనిపించదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీరైనా నేనైనా చేసేది అదే.

సరే, ఒక పొలం కాలనీగా ఎలా మారుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. భూమి చట్టాలు దేశానికొక రకంగా ఉన్నా ఈ తంతు మాత్రం దాదాపు అంతటా ఒకటే.

ఊరి నుంచి బయటికి పోయే పెద్ద రోడ్డు ఒకటుంటుంది. దాని పక్కన ముందు పెట్రోలు బంకు వస్తుంది, తర్వాత గోడౌను, ఆ తర్వాత ఇనప సామాను కొట్టు. రోడ్డు మీది పొలాల ధర లేస్తుంది. వెనక పొలం రైతుకి అప్పులుంటాయి, పంట గిట్టడం లేదు, ఒక ఎకరం అమ్మేస్తాడు. కొన్నాయన దాన్ని దున్నడు. సున్నంతో గీతలు కొట్టి, మూలమూలకీ రాళ్లు పాతించి ప్లాట్లు చేస్తాడు. ప్లాట్లకి దారి కావాలి కదా. ఎంత వెడల్పు దారి?

ఇక్కడ కాగితం మీద చిన్న లెక్క వేద్దాం. 220 అడుగుల పొడవు, 198 అడుగుల వెడల్పు ఉన్న చెక్క ఒక ఎకరం. పొడుగునా నడిమధ్యలో 15 అడుగుల దారి వేస్తే దారికి పోయేది 367 గజాలు. అదే 30 అడుగులు వేస్తే 733 గజాలు. తేడా 366 గజాలు, అంటే రెండు ప్లాట్లు. ఆ రెండు ప్లాట్ల డబ్బు వదులుకోమని అమ్మేవాడికి ఎవరూ చెప్పరు. చెప్పినా ఆయనెందుకు వింటాడు? అందుకని దారి 15 అడుగులే. ఆ దారి బయటికెళ్లి కలిసేది పాత బండ్ల బాటలో. బండ్ల బాట వెడల్పు ఎద్దుల బండికి సరిపోయేంత.

మరుసటేడు పక్క పొలం ఇంకొకాయన కొంటాడు. ఆయన దారి ఈయన దారితో కలవదు. కలిపితే ఇటు జనం అటునుంచి తిరుగుతారని మధ్యలో గోడ కడతారు. ఇరవై పొలాలు ఇలా అయ్యాక పైనుంచి ఫొటో తీసి చూడండి. వంద సందులుంటాయి, ఈ చివర నుంచి ఆ చివరకి పోయే రోడ్డు ఒక్కటీ ఉండదు.

అమ్మేవాణ్ని దొంగ అనడం తేలిక. కొనేవాళ్లని ఆశపోతులనడం ఇంకా తేలిక. కొనేవాడు చాలాసార్లు చిన్న ఉద్యోగి, తాపీ మేస్త్రి, గల్ఫ్ దేశాల్లోనో మరెక్కడో కష్టపడి డబ్బు పంపే కొడుకున్న తల్లి. బ్యాంకు వాళ్లకి అప్పివ్వదు, ఊరి మధ్యలో ఇంటి ధర అందదు. వాళ్లకి అందేది ఈ ప్లాటే. నా ఫిర్యాదు వాళ్ల మీద కాదు. ఆ సున్నపు గీత పడ్డ రోజున అక్కడ ఊరి తరఫున ఎవరూ లేరే, దాని మీద. ఎందుకంటే ఇల్లు యాభై ఏళ్లకి పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. దారి వెడల్పు మాత్రం ఒకసారి పడిందంటే నూరేళ్లయినా కదలదు. రెండు వైపులా రిజిస్ట్రేషన్లు అయిపోయి ఉంటాయి.

మరి ఊరి తరఫున ఎవరూ ఎందుకు లేరు? ఎక్కువ చోట్ల ఆ పొలం మున్సిపాలిటీ హద్దుకి అవతల ఉంటుంది. ఊరు పెరిగేది ఒక చోట, ఊరిని పాలించే ఆఫీసుకి అధికారం ఉండేది ఇంకో చోట. భారతదేశంలో సెన్సస్ టౌన్లని ఒక జాతి ఉంది. జనసాంద్రత, వృత్తులు చూస్తే అవి పట్టణాలే, పాలన మాత్రం గ్రామపంచాయతీది. 2001 జనగణనలో అవి 1,362. 2011కి 3,894 అయ్యాయి. 2021లో నీతి ఆయోగ్ చెప్పిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణ ప్రాంతాల్లో సుమారు 65 శాతానికి అసలు మాస్టర్ ప్లానే లేదు.

ఘనాలో ఇంకో రకం. అక్కడ దేశంలోని భూమిలో దాదాపు 80 శాతం సంప్రదాయ హక్కుల కింద ఉంటుంది. కుమాసి చుట్టూ ఏ స్థలం ఎవరికి ఇవ్వాలో స్థానిక తెగ నాయకులు నిర్ణయిస్తారు. ప్రభుత్వ ప్లానర్ గీసిన పటం ఆఫీసు గోడ మీద ఉంటుంది, కేటాయింపు మాత్రం నాయకుడి వాకిట్లో జరుగుతుంది. మెక్సికోలో ఎహీదో అనే ఉమ్మడి వ్యవసాయ భూములున్నాయి. 1992లో రాజ్యాంగం 27వ అధికరణం సవరించాక వాటిని అమ్ముకునే వీలొచ్చింది, ఊళ్ల అంచులన్నీ వాటి మీదకి పాకాయి. ఈజిప్టులో నైలు డెల్టా పంట భూముల మీద ఇళ్లు కట్టడం నేరం. అయినా కడుతూనే ఉన్నారు. 2011లో ప్రభుత్వం పట్టు సడలగానే ఒక్కసారిగా ఇంకెన్నో ఇళ్లు లేచాయి. భూమి రైతు సొంతమా, ప్రభుత్వానిదా, తెగదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఫలితం ఒకేలా ఉండటం నాకెప్పుడూ ఆలోచించాల్సిన విషయంగానే కనిపిస్తుంది.

ఇక ఆ సందుల్లో బతుకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా రెండు మూడు విషయాలు చెబుతాను.

మొదటిది నీళ్లు. పైపు రాలేదు కాబట్టి బోరు వేసుకుంటారు. డ్రైనేజీ లేదు కాబట్టి సెప్టిక్ ట్యాంకు తవ్వుకుంటారు. ప్లాటే చిన్నది, రెండూ అందులోనే. మీ బోరుకి మీ ట్యాంకు దూరంగా పెట్టుకున్నా, గోడ అవతల పక్కింటాయన ట్యాంకు సరిగ్గా మీ బోరు పక్కనే ఉంటుంది. ఆ ట్యాంకు నిండితే లారీ వస్తుంది. లారీ ఎక్కడ పారబోస్తుందో ఎవరూ అడగరు. మన కాలనీలో కాకపోతే చాలు.

రెండోది నడక. బస్సు పెద్ద రోడ్డు దగ్గరే ఆగిపోతుంది, లోపల తిరగడానికి దారుండదు. లోపలి నుంచి రెండు కిలోమీటర్లు నడిచి రావాలి. మోటారు సైకిలున్న మగాడికి ఇది సమస్యే కాదు. ఇళ్లల్లో పని చేసుకునే ఆవిడకి, కాలేజీకి పోయే అమ్మాయికి, ముసలాయనకి సమస్య. మనం గీసే ప్లాన్లలో ఈ ముగ్గురూ తక్కువగా కనిపిస్తారు, ఎందుకంటే ప్లాన్ గీసేవాళ్లకి బండి ఉంటుంది. (నవ్వులు)

మూడోది వాన. పొలానికి ఎటు నీళ్లు పారతాయో రైతుకి తెలుసు. ప్లాటు కొన్నవాడికి తెలియదు. వాగు ఎండిపోయి ఉన్నప్పుడు దాన్ని చదును చేసి అమ్మేస్తారు. కొలంబియాలో మొకోవా అని చిన్న నగరం ఉంది. దేశంలో సాయుధ పోరు నడిచిన కాలంలో ఊళ్లొదిలి వచ్చిన కుటుంబాలు ఎన్నో అక్కడి నదుల ఒడ్డునే స్థిరపడ్డాయి. వేరే చోటు వాళ్లకి దొరకలేదు. 2017 మార్చి 31 రాత్రి కుండపోత వాన పడి, కొండల మీద నుంచి బురద, బండరాళ్లు ఆ నదుల వెంబడి దూకాయి. 300 మందికి పైగా చనిపోయారు. వాన ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఒడ్డున ఇళ్లు ఉండకుండా చూడటం మాత్రం, ఊళ్లో ఇంకో చోట నాలుగు గజాల నేల చూపించి ఉంటే, సాధ్యమయ్యేది.

ఇదంతా ప్రైవేటు వాళ్ల గొడవ, ప్రభుత్వమే ఇళ్లు కట్టిస్తే సరిపోతుందిగా అని కొందరంటారు. మెక్సికో అదే చేసింది. 2000 తర్వాత గృహరుణాలు విరివిగా ఇచ్చి లక్షల ఇళ్లు కట్టించింది. నేల చవగ్గా దొరికేది ఊరికి దూరంగా కాబట్టి అక్కడే కట్టారు. పనికి పోవాలంటే జీతంలో పెద్ద ముక్క ప్రయాణానికే పోయేది. 2010 జనగణనలో దేశంలో సుమారు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. అవన్నీ ఆ పథకం ఇళ్లు కావు గానీ, వదిలేసి వెళ్లిపోయిన కాలనీలు అందులో చాలానే ఉన్నాయి. 

మరి ఊరిని పెరగకుండా ఆపితే? చుట్టూ గీత గీసి దీని బయట కట్టకూడదంటే? ప్రణాళికలు రాసే పెద్దలకి ఈ ఆలోచన అంటే చాలా ఇష్టం. పైకి పెరగండి, పక్కకి కాదు అంటారు. స్థిరపడిపోయి, జనం పెద్దగా పెరగని సంపన్న దేశాల నగరాలకి ఆ మాట సరిపోతుంది. పదిహేనేళ్లలో 5 లక్షల నుంచి 10 లక్షలకి పోయే ఊరికి సరిపోదు. ఆ కొత్త 5 లక్షల మందీ ఉన్న ఊళ్లోనే పట్టరు. గీత గీస్తే ఏమవుతుందంటే, లోపలి నేల ధర రెట్టింపవుతుంది, పేదవాడు గీత దాటి అవతల, ఇంకా దూరంగా, ఇంకా దొంగచాటుగా కడతాడు. ఈజిప్టు చూశాంగా. గీత గీయడం వల్ల బాగుపడేది గీత ఎక్కడ పడబోతోందో ముందే తెలిసినవాళ్లు మాత్రమే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ ఊళ్లు పెరుగుతాయి. ఆపడం మన చేతిలో లేదు. ఇళ్లు రాకముందే పెద్ద రోడ్లకీ, వాగులకీ, కొన్ని ఖాళీ స్థలాలకీ చోటు పట్టి ఉంచడం మన చేతిలో ఉంది. రోడ్డు ఈ రోజే వేయక్కర్లేదు, తారు పోయక్కర్లేదు. చోటు పట్టి ఉంచితే చాలు. డబ్బు లేని మున్సిపాలిటీ కూడా చేయగలిగిన పని ఇది.

1811లో న్యూయార్క్ ఏమీ మహానగరం కాదు. జనాభా లక్ష లోపు, మాన్‌హాటన్ ద్వీపం దక్షిణపు కొసలో ఉన్న రేవు పట్టణం. మిగతా ద్వీపమంతా పొలాలు, గుట్టలు, బురద నేలలు. ఆ ఏడాది ముగ్గురు కమిషనర్లు ద్వీపం మీద 155వ వీధి దాకా వీధులు గీసేశారు. నిలువుగా పోయే పెద్ద వీధులు వంద అడుగులు, అడ్డ వీధులు ఎక్కువ భాగం అరవై అడుగులు. అప్పుడు వాళ్లని చూసి నవ్వినవాళ్లున్నారు. పొలాల్లోంచి కొలతలు వేసుకుంటూ పోయిన సర్వేయరు జాన్ రాండెల్‌ని, మా పొలంలో కాలు పెట్టాడని కేసులు పెట్టి అరెస్టు చేయించారు కూడా. ఆ గీతలు నిండడానికి దశాబ్దాలు పట్టింది. నిండేటప్పటికి దారులు అక్కడున్నాయి. పెద్ద పార్కు కోసం చోటు మాత్రం ఆ ప్లాన్‌లో వదల్లేదు. తర్వాత 1850లలో దానికోసం అప్పటికే అక్కడుంటున్న జనాన్ని లేపాల్సొచ్చింది. కాబట్టి ఆ పటాన్ని దేవుడి పటంలా గోడకి తగిలించుకోమని నేననడం లేదు. ఆ ఊరు అప్పుడు ఎంత చిన్నదో, ఎంత ముందుగా ఆలోచించిందో చూడమంటున్నాను.

ఇది పాత కథ, ఇప్పుడు కుదరదంటారా? ఇథియోపియాలో 2013 నుంచి అదామా, బహిర్ దార్, హవాసా, మెకెల్లే అనే నాలుగు ఊళ్లలో ఈ పనే మొదలుపెట్టారు. రాబోయే 30 ఏళ్లలో ఊరు ఎంత నేల మీదకి పాకుతుందో లెక్క కట్టారు. ఆ నేలంతా ఇంచుమించు కిలోమీటరుకొకటి చొప్పున 30 మీటర్ల వెడల్పు రోడ్లకి గీతలు వేశారు. లోపలి చిన్న సందుల జోలికి పోలేదు, అవి తర్వాత చూసుకోవచ్చని. వాగుల్ని, కొండవాలుల్ని విడిగా గుర్తుపెట్టారు. కొలంబియాలో మోంటెరియా, వాయేదుపార్ కూడా ఇదే దారి పట్టాయి.

కిలోమీటరుకొకటే ఎందుకు? లెక్క చూడండి. పక్కపక్క రెండు పెద్ద రోడ్ల మధ్య కిలోమీటరుంటే, లోపల ఏ ఇంటి నుంచైనా ఏదో ఒక రోడ్డు అర కిలోమీటరు దూరంలోనే ఉంటుంది. అంటే బస్సుకి అందరూ నడిచి రాగలరు. ఆ రోడ్ల కింద నీళ్ల పైపు, మురుగు పైపు, పక్కన వాన కాలువ పడతాయి. నేల ఎంత పోతుంది? చదరపు కిలోమీటరుకి 30 మీటర్ల రోడ్డు నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. మొత్తం నేలలో 6 శాతం లోపే. ఇంత తక్కువ నేలతో ఊరి భవిష్యత్తు ఇంతగా మారే పని ఇంకోటి నాకైతే తెలియదు.

ఇందులో ముల్లు ఎక్కడుందో కూడా ఇథియోపియానే చూపించింది. రాజధాని అడిస్ అబాబాని చుట్టుపక్కల ఒరోమియా ప్రాంతంతో కలిపి ఒక మాస్టర్ ప్లాన్ తెచ్చారు. మా పొలాలు లాక్కుంటారని రైతులు, విద్యార్థులు 2014లో రోడ్డెక్కారు. 2015 చివర్లో అది మళ్లీ భగ్గుమంది. కాల్పుల్లో ఎంతోమంది చనిపోయారు. 2016 జనవరిలో ప్రభుత్వం ఆ ప్లాన్ వదిలేసింది. భూమి అంతా ప్రభుత్వానిదే అయిన దేశంలో రైతుకొచ్చే పరిహారం ఎప్పుడూ తక్కువే. గీత ఎంత తెలివైనదైనా, అది పడేది ఒకరి పొలం మీద. ఆ మనిషిని అడక్కుండా గీస్తే పటం చిరిగిపోతుంది.

అడిగి గీసే పద్ధతులు లేకపోలేదు. భూమి తిరిగి సర్దుబాటు చేసే పద్ధతికి జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ కోసం 1902లో చట్టం చేశారు. జపాన్ దాన్ని ఎంతగా వాడుకుందంటే అక్కడి పట్టణ నేలలో దాదాపు మూడో వంతు ఈ దారిలోనే తయారైంది. మన దేశంలో 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంతో వచ్చింది. ఇప్పటికీ గుజరాత్‌లో బాగా నడుస్తోంది, టౌన్ ప్లానింగ్ స్కీమ్, పొట్టిగా టీపీ స్కీమ్ అంటారు.

పద్ధతి ఇదీ. వంద హెక్టార్ల పొలాలున్నాయనుకోండి. వంకర టింకర చెక్కలు, కొన్నింటికి దారే లేదు. అన్నీ కాగితం మీద ఒక్కటి చేస్తారు. ముందు రోడ్లకి, బడికి, పార్కుకి, పేదల ఇళ్లకి నేల తీస్తారు. మిగిలింది మళ్లీ అదే రైతులకి, వీలైనంతవరకు వాళ్ల పాత పొలం దగ్గర్లోనే, తిన్నగా కోసిన చెక్కలుగా తిరిగిస్తారు. రైతు నేల కొంత తగ్గుతుంది, ఒక్కోసారి సగం దాకా. చేతికొచ్చిన చెక్క మాత్రం రోడ్డు మీద ఉంటుంది, విలువ పాతదానికన్నా ఎక్కువ. పెరిగిన విలువలో కొంత ఊరికి కట్టాలి, దాంతో రోడ్డు వేస్తారు. అహ్మదాబాద్ చుట్టూ ఉన్న 76 కిలోమీటర్ల రింగ్ రోడ్డుకి నేల ఎక్కువగా ఇలా వచ్చిందే. 2001 భూకంపం తర్వాత భుజ్ పాత ఊళ్లో సందుల్ని కూడా ఇదే పద్ధతిలో వెడల్పు చేశారు. చిన్న స్థలాల వాళ్లకి కోత తక్కువ, పెద్ద స్థలాల వాళ్లకి ఎక్కువ. అది నాకు బాగా నచ్చిన వివరం.

లోపాలు లేవా? ఉన్నాయి. ఒక్కో స్కీమ్ పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. భూమి రికార్డులు సరిగ్గా లేని చోట మొదలే కాదు. పైగా భూమి పట్టా ఉన్నవాడికే చెక్క తిరిగొస్తుంది. కౌలుకి చేసుకునేవాడికి, ఆ పొలంలో కూలికి పోయేవాళ్లకి ఏమీ రాదు. ఈ మాట సమావేశాల్లో ఎవరూ ఎత్తరు. వాళ్లు సమావేశాలకి రారు కాబట్టి.

ఇంకో సులువైన పని ఉంది. ఇళ్లు కట్టివ్వకుండా, దారి, నీళ్ల కుళాయి ఉన్న ప్లాటు మాత్రం ఇవ్వడం. 1970లు, 80లలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో టాంజానియాలోని ఏడు ఊళ్లలో ఇలా చేశారు. అదే కాలంలో అప్పటికే జనం కట్టేసుకున్న కాలనీల్లో తర్వాత రోడ్లు, పైపులు వేసే పని కూడా చేశారు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆర్థికవేత్తలు వెళ్లి రెండింటినీ పోల్చారు. ముందు దారి వేసిన చోట ఇళ్లు పెద్దవిగా, మెరుగ్గా ఉన్నాయి, వీధులు వీధుల్లాగే నిలిచాయి. ప్రపంచ బ్యాంకు మాత్రం ఆ తర్వాత ఈ పద్ధతిని దాదాపు వదిలేసింది. ప్లాట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి, జనం నెమ్మదిగా కడుతున్నారు అన్నారప్పట్లో. పేదవాడు ఇల్లు నెమ్మదిగానే కడతాడు. ఒక గది, కొన్నాళ్లకి ఇంకో గది, పిల్లాడు సంపాదించాక స్లాబు. పదేళ్లు చూసే ఓపిక లేక లెక్క తేల్చేశారు.

డబ్బు సంగతి రెండు మాటల్లో. ఈ ఊళ్ల ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేది ఇద్దరు ఇంజినీర్లు, ఒక పాత జీపు. ఆస్తి పన్ను మీద బతకాల్సిన సంస్థలు ఆస్తి పన్నే వసూలు చేయవు. ఇంటి విలువ కట్టే అర్హత ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద కొద్దిమందే ఉంటే ఎన్ని ఇళ్లు చూస్తారు? మలావీలో మ్జుజు అనే ఊరు దీనికో దారి కనిపెట్టింది. మార్కెట్ విలువ పక్కన పెట్టి, ఇల్లు ఎంత పెద్దది, పైకప్పు ఏమిటి, ఏ ప్రాంతంలో ఉంది అని బయటి నుంచే చూసి పాయింట్లు వేసుకున్నారు. వసూళ్లు బాగా పెరిగాయి. దీనికి తోడు నేను ఖాళీ ప్లాట్ల మీద పన్ను వేయమంటాను. కట్టకుండా, అమ్మకుండా ధర కోసం ఎదురుచూసే ప్లాట్లు సగం ఉన్న కాలనీలో పైపు వేస్తే, ఆ పైపు సగం దూరం ఎవరికీ నీళ్లివ్వకుండానే పోతుంది.

ఇక మీ ప్రశ్నలకి వస్తాను.

సభలోంచి: పంట భూములన్నీ ఇలా పోతే తినడానికి ఏముంటుందండీ?

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. దేశం మొత్తం లెక్కలో ఊళ్లు ఆక్రమించే నేల చాలా కొద్ది. సమస్య ఎక్కడంటే, ఊళ్లు పుట్టిందే నది పక్కన, మంచి నేల మీద. అందుకని పోయేది మంచి నేల. నైలు డెల్టా లాంటి చోట ప్రతి ఎకరమూ ముఖ్యమే. అలాంటప్పుడు ఊరు పెరగాల్సిన దిక్కు ముందే తేల్చి, ఆ దిక్కున రోడ్డు గీయండి. రోడ్డు ఎటు పోతే ఇళ్లు అటు పోతాయి. వద్దు అనే బోర్డు కన్నా ఇటు రండి అనే రోడ్డుకి బలమెక్కువ. పొలం విడివిడి ముక్కలుగా చెడిపోవడం ఇంకా నష్టం. మధ్యమధ్య కాలనీలు లేస్తే మిగిలిన పొలానికి కాలువ నీళ్లు రావు, రైతు విసిగిపోయి అమ్మేస్తాడు.

సభలోంచి: మీరు చెప్పేదంతా కొత్తగా వచ్చే కాలనీల గురించి. మేం ఇప్పటికే సందుల్లో ఉన్నాం. మా సంగతేంటి?

(నవ్వులు) అడగాల్సిన ప్రశ్నే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, అయినా కొన్ని ఆకులున్నాయి. సందులన్నీ వెడల్పు చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, జరిగే పని కాదు. అర కిలోమీటరుకొక దారి ఎంచుకోండి. చాలాచోట్ల ఒక గోడ తీస్తే, ఒక్క ప్లాటు కొంటే, రెండు కాలనీల దారులు కలిసిపోతాయి. అలాంటి చోట్లు గుర్తించి, ఆ ప్లాటు ఖాళీగా ఉన్నప్పుడే మున్సిపాలిటీతో కొనిపించండి. కట్టేశాక ఎవరూ ఇవ్వరు.

సెప్టిక్ ట్యాంకుల లారీలకి నంబర్లిచ్చి, ఎక్కడ పారబోయాలో చోటు చూపించి, అక్కడ శుద్ధి చేసే ఏర్పాటు పెట్టమనండి. భూగర్భ డ్రైనేజీ వచ్చేదాకా కూర్చుంటే మీ మనవలు కూడా ఎదురుచూస్తూనే ఉంటారు.

ఇంకొకటి. కౌన్సిలరుగారు సిమెంటు రోడ్డు మంజూరు చేయించానని వస్తారు. సంతోషించే ముందు కాలువ ఎక్కడ అని అడగండి. కాలువ తర్వాత అంటారు. తర్వాత రాదు. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తారు, ఆరంగుళాలు లేస్తుంది. ఇంకో ఐదేళ్లకి ఇంకో ఆరంగుళాలు. చూస్తుండగానే రోడ్డు మీ అరుగు కన్నా ఎత్తవుతుంది, మొదటి వానకే నీళ్లు గదిలోకొస్తాయి. అప్పుడు స్తోమతున్నవాడు ఇల్లు ఎత్తు చేయించుకుంటాడు, లేనివాడు గడప దగ్గర ఇసక బస్తాలు వేసుకుంటాడు. అందుకని పాత పొర గీకి తీసేశాకే కొత్తది పోయాలని, పక్కన కాలువ అదే పనిలో భాగంగా ఉండాలని టెండరు కాగితంలోనే రాయించండి. పని మొదలయ్యాక వెళ్లి గొడవపడితే కాంట్రాక్టరు ఆ కాగితమే తీసి చూపిస్తాడు.